పెట్టె వెనక చదివినందుకు

డిగ్రీ అయిన కొత్తలో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక సూపర్‌మార్కెట్లో సేల్స్ గర్ల్‌గా చేరాను. పాలలో కలిపితే చాక్లెట్ పుడ్డింగ్ అయ్యే పొడిని అమ్మడం నా పని. చిన్న కప్పుల్లో రుచి చూపించి, "మంచి బలం" అని చెప్పమన్నారు. అలాగే చెప్పేదాన్ని.

రెండో వారంలో ఒక పెద్దావిడ కప్పు ఖాళీ చేసి, "మంచిగుంది బిడ్డా. మా ఆయనకు షుగరుంది, రోజూ సూది ఏసుకుంటడు. తినొచ్చా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా సూపర్‌వైజర్, "హాయిగా తినొచ్చండి. అంతా పాల బలమే కదా" అన్నాడు. ఆవిడ రెండు పెట్టెలు బుట్టలో వేసుకుంది.

నేను పెట్టె తిప్పి, వెనకున్న చిన్న అక్షరాలను పైకే చదివాను. "అమ్మా, నూరు గ్రాములల్ల డెబ్బయి దాక చక్కెరనే ఉంది. ప్రొటీన్ మూడు గ్రాములే. పెద్దాయనకు పెట్టకుండ్రి."

పక్కనున్నవాళ్లు కూడా తమ పెట్టెలు తిప్పి చూడసాగారు. ఆవిడ రెండూ తిరిగి అరలో పెట్టేసింది.

"రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు సూపర్‌వైజర్ పళ్లు కొరుకుతూ.

"రాను సార్. మీరు అచ్చేసిందే చదివిన. ఒక్క ముక్క కలపలే" అని ఏప్రన్ విప్పి ఇచ్చేశాను.

ఇప్పుడు ఎల్బీ నగర్‌లో మందుల షాపులో పనిచేస్తున్నాను. ఆ రోజు నోరు మూసుకోవాల్సిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను మాత్రం మళ్లీ ఎవరడిగినా అంతే గట్టిగా చదువుతాను.

- ఒక పాఠకురాలు, మీర్‌పేట్