జెనోవాలో శనగపిండి అట్టు

మొన్న ఆదివారం సన్నీవేల్‌లో ఉండే మా చెల్లెలి కూతురు క్రూయిజ్‌లో వెళ్తూ జెనోవా రేవుపట్నంలో దిగి, మేము ఒకప్పుడు కాపురమున్న సందు వెతికి పట్టుకుని వీడియో కాల్ చేసింది. ఇక్కడ డెట్రాయిట్ పక్కన నోవైలో వసంతమని పేరే గాని వాకిట్లో మంచు ఇంకా కరగలేదు. అక్కడ మా ఐదంతస్తుల మేడ ఎండలో వెలిగిపోతోంది. సందు నిండా చక్రాల పెట్టెలు లాక్కుపోయేవాళ్ళే. కింద రొట్టెల కొట్టు ఉన్నచోట ఇప్పుడు యాత్రికుల సామాను దాచే బీరువాలు పెట్టారు.

మా వారు ఆ రేవులో ఓడల మరమ్మతు యార్డులో ఇంజనీరుగా చేరినప్పుడు నేను కొత్త పెళ్ళికూతుర్ని. రెండు గొడుగులు ఎదురుపడితే ఒకటి ముడవాల్సిందే, అంత ఇరుకు సందులు. తలెత్తితే ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి కట్టిన తాళ్ళమీద బట్టలు, వాటి సందుల్లో చారెడు ఆకాశం. పొద్దున్నే చేపలమ్మే ఆడవాళ్ళ కేకలు, రేవులో ఓడల కూతలు, పై అంతస్తుల నుంచి తాడు కట్టి దింపే కూరల బుట్టలు. భాష రాని నేను మొదటి నెలలన్నీ కిటికీలోనే గడిపాను.

నన్ను కిందికి దింపింది వాసన. కింద కొట్టావిడ, పిల్లల్లేని వితంతువు, వెడల్పాటి రాగి పళ్ళెంలో శనగపిండి జారుగా కలిపి పోసి కట్టెల పొయ్యిలో కాల్చేది. అచ్చం మన అట్టే! నోట్లో పెట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ ఏమీ అడక్కుండా నాకో ఏప్రన్ కట్టింది. ఆ రోజునుంచి భాష ఆ పొయ్యి దగ్గరే నేర్చుకున్నాను. ఒకనాడు సరదాకి ఉల్లిపాయలూ పచ్చిమిర్చీ వేసి కాలిస్తే, రేవు కూలీలు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకోటి కావాలన్నారు. సందులో అందరూ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. అత్తగారింటికి వచ్చాక నన్నెవరైనా పేరుతో పిలవడం అక్కడే.

అంతలో మా వారికి డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. బయల్దేరే ముందు వారం ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. వీడ్కోలు చెప్పబోతే, పిండి చేతులు తుడుచుకుంటూ, "నీకు మంచి జరగాలి" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది. పనిమనిషి పోతోందన్న కోపం కాబోలు, ఇంతేనా ఈవిడ ప్రేమ అని మనసు విరిగి వచ్చేశాను. ఆ తర్వాత నేను ఒక్క ఫోనైనా చేయలేదు.

చాలా ఏళ్ళకి, ఇక్కడ ఎవరింట్లోనో గృహప్రవేశం పార్టీలో మా వారు పదిమందినీ నవ్విస్తూ అన్నారు: "ఆ ముసలావిడ యార్డుకొచ్చి, మా ఆవిణ్ణి తీసుకుపోవద్దు, కొట్టు ఆమె పేర రాసిస్తానంది. అట్లు పోసుకు బతకడం మా ఆవిడకి నామోషీ అని చెప్పి పంపేశా!"

చేతిలో ఉన్న పులిహోర ప్లేటు బల్లమీద పెట్టేశాను.

కార్‌లో ఇంటికి వస్తూ, నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వు వచ్చేదానివా?" అన్నారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మర్నాడే యార్డులో ఆయన పాత స్నేహితుడికి ఫోన్ చేశాను. ఆవిడ పోయి రెండు చలికాలాలైందట.

మా వారితో కాపురం సాగుతూనే ఉంది. పిల్లలు పెరిగారు, ఇల్లు కొన్నాం, ఆయనకి షుగర్ మాత్రలు నేనే అందిస్తాను. మొన్న వీడియో చూసి, ఎండాకాలం మనమూ క్రూయిజ్ బుక్ చేద్దామా అని ఆయన ముచ్చటపడ్డారు. వద్దన్నాను. కారణం అడగలేదు.

ఊళ్ళు మారతాయి, మనుషులు పోతారు, నా వయసువాళ్ళకి అది తెలియని సంగతేమీ కాదు. కాని ఆ పొయ్యి దగ్గర నిలబడటం నాకు నామోషీ అనుకుంటూనే ఆవిడ వెళ్ళిపోయింది. అది కాదని చెప్పడానికి ఆ సందులో ఇప్పుడు ఎవరూ లేరు.