నాయన కరణానికి ఇవ్వని కాగితం

హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు నేర్పాలి అని మేష్టర్ల ట్రెయినింగు పరీక్షలో అడిగారు. ట్రెయినింగులో వాళ్ళు చెప్పిన లక్ష్యాలన్నీ పొల్లుపోకుండా రాసి పాసయ్యాను. రాస్తున్నంతసేపూ ఒళ్ళు మండిపోయింది.

నేను మార్కాపురంలో ఐదో ఫారం చదివేటప్పుడు, పెద్దారవీడు దగ్గర మా ఊళ్ళో నాయన గొర్రెలు మేపుకునేవాడు. ఆ ఏడు వానల్లేక మంద అడవి హద్దు దాటింది. గార్డులు నలభై గొర్రెలనూ బందెలదొడ్డికి తోలుకుపోయి, నాయన చేతిలో ఇంగ్లీషు కాగితం ఒకటి పెట్టారు. తెలుగు అక్షరమే రాని మనిషికి ఇంగ్లీషు కాగితం! కరణం చదివి చెబుతానన్నా నాయన ఇవ్వలేదట. శనివారం నా కొడుకు వస్తాడు, వాడే చదువుతాడు అన్నాడట.

శనివారం నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కాగితం ఇచ్చాడు. చుట్టూ ఊరి జనం. మా అయ్యవారు నేర్పినట్టే గొంతు పెంచి, ఆగాల్సిన చోట ఆగి, గడగడా చదివేశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎట్లా అవుతుంది? బళ్ళో మెప్పంతా గొంతుకే, ఉచ్చారణకే. మంచు కురిసే దేశాల పద్యాలు ఎన్ని అప్పజెప్పలేదు! అర్థమేమిటండీ అని అడిగితే నోట్సులో ఉంది, బట్టీ పట్టు అనేవారు.

"ఏం రాసినారు పెద్దోడా?" అన్నాడు నాయన.

ఆయన మొహం వెలిగిపోతోంది. అంతమందిలో తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. విచారణ చేసి వాళ్ళే వదిలేస్తారని చెప్పాను.

నాయన నిశ్చింతగా ఇంట్లో కూర్చున్నాడు. మరుసటి శనివారం నేను వచ్చేసరికి గొర్రెలను వేలం వేసేశారు. ఆ కాగితం బడికి తీసుకుపోయి, డిక్షనరీ ముందేసుకుని ఒక్కొక్క మాటా వెతికాను. బుధవారం లోపల వచ్చి విడిపించుకోకపోతే వేలం వేస్తామని రాసి ఉంది. అంతే, నాలుగు వరుసలు. ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి, ఆ నాలుగు వరుసలు తెలిసేట్టు చెప్పలేని చదువు ఎవరిని ఉద్ధరించడానికో! సిగ్గు నాకొక్కడికేనా? అట్లా చెప్పినవాళ్ళకు ఉండొద్దూ?

నిజం చెప్పేద్దామనే ఇంటికి వెళ్ళాను. నాయన ఖాళీ దొడ్డి ఊడుస్తున్నాడు. నన్ను చూసి చీపురు పక్కన పెట్టాడు.

"నువ్వు బాధపడబాక. నువ్వు చదివిందే నిజం. మాట తప్పినోళ్ళు వాళ్ళు," అన్నాడు.

పోయేదాకా అట్లాగే నమ్మాడు. నేనూ నమ్మనిచ్చాను.