పేరు పలకని ఆట

డెబ్బై దాటిన మనిషి చేత చీటీలు తీయించి ఆటలాడిస్తారా? మొదటి రోజు క్లాసు నుంచి బయటికొస్తూ మా ఆవిడ మీద నేను అరిచిన అరుపు అది. బందరులో కోర్టుకి దగ్గర, జిరాక్స్ షాపు మీద గది. స్పోకెన్ ఇంగ్లీషు. చెప్పేది చల్లపల్లి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి. రోజూ పాఠానికి ముందు ఐదు నిమిషాలు ఆట.

నాకు ఆటలేంటండీ! దివిసీమలో ఐదో తరగతితో బడి ఆగిపోయినవాణ్ణి. గుడివాడ రైసుమిల్లులో గుమస్తాగా ఉంటూ, మధ్యాహ్నం మిల్లు ఆపినప్పుడు బస్తాల మీద కూర్చుని, అట్టలూడిన డిక్షనరీ పేజీ పేజీ నమిలి ఇంగ్లీషు నేర్చుకున్నాను. నాకెవరూ చప్పట్లు కొట్టి నేర్పలేదు.

అసలు క్లాసు అవసరం మా ఆవిడది. మా కోడలిది కేరళ. పెళ్లిలో వియ్యపురాళ్లిద్దరూ రెండు రోజులు చేతులు పట్టుకుని నవ్వుకుంటూ కూర్చున్నారు. మధ్యలో దుబాసీని నేను. ఇంటికొచ్చాక మా ఆవిడ నిలదీసింది.

"నేను పది మాటలు చెబితే మీరు ఒక్కటి చేరవేశారు. ఆవిడ పది చెబితే అదీ ఒక్కటే. మిగతావన్నీ ఏమయ్యాయండీ?"

"అవసరమైనవే చెప్పాను."

"ఏది అవసరమో తేల్చడానికి మీరెవరు?"

ఇప్పుడా వియ్యపురాలు పది రోజులు ఉండడానికి వస్తోంది. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసులకి వెళ్లిపోతారు. ఆ పది రోజులూ మధ్యలో నేను లేకుండా మాట్లాడాలని మా ఆవిడ పట్టుదల. క్లాసుకి మాత్రం తోడు రమ్మంది!

ఆట ఇదీ. డబ్బాలోంచి చీటీ తీయాలి. అందులో రాసినదాని పేరు పలక్కుండా ఇంగ్లీషులో చెప్పాలి. మిగతావాళ్లు పోల్చుకోవాలి. "మాట దొరక్క ఎవరైనా ఆగిపోతే తెలిసినవాళ్లు అందించకూడదు, వాళ్లే తడుముకోవాలి" అని ఆ అమ్మాయి షరతు.

నాకు గొడుగు వచ్చింది. డిక్షనరీలో అర్థం పొల్లు పోకుండా అప్పజెప్పాను. ఎవరూ పోల్చుకోలేదు. చివరికి నర్సింగు చదివే పిల్ల ఒకతి, "టెంటా తాతగారూ?" అంది.

మా ఆవిడకి కాకి వచ్చింది.

"బ్లాక్. మార్నింగ్ కమింగ్. మై వడియమ్స్ ఈటింగ్."

గది గొల్లుమంది. అందరూ ఒకేసారి "క్రో!" అన్నారు.

రెండో వారం ఆ అమ్మాయి, చీటీ లేకుండా గదిలో ఉన్న మనిషినెవరినైనా చెప్పమంది. మా ఆవిడ లేచింది. "కాఫీ హాట్, యాంగ్రీ. కాఫీ కోల్డ్, యాంగ్రీ. బట్ ఫుల్ డ్రింకింగ్." ఇరవై తలకాయలు నా వైపు తిరిగాయి.

"ఇంత బాగా ఎలా చెబుతున్నారాంటీ!" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. నాకు అప్పుడు వెలిగింది. పెళ్లయిన యాభై ఏళ్లలో మా ఆవిడ ఒక్కసారి కూడా నా పేరు పలకలేదు. ఆసుపత్రిలో భర్త పేరడిగితే గోడ మీది క్యాలెండరులో దేవుణ్ణి చూపిస్తుంది. క్యాలెండరు లేనిచోట, "మా వీధి చివర మందుల షాపాయన పేరేనండీ" అంటుంది. ఈ ఆటలో ఆవిడది యాభై ఏళ్ల సర్వీసు. నాది పదిహేను రోజులు.

వియ్యపురాలు వచ్చింది. మర్నాడు వంటింట్లో చారు పాఠం మొదలైంది. నేను ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నాను, చెవులు మాత్రం అక్కడే. మా ఆవిడ మిరియాలు, చింతపండు చూపించి నెట్టుకొచ్చింది. ఇంగువ దగ్గర ఆగిపోయింది. డబ్బా ఖాళీ, చూపించడానికి వస్తువు లేదు.

ఆ మాట నాకు తెలుసు. అసఫెటిడా. గుడివాడ మిల్లులో బస్తాల మీద కంఠతా పట్టిన మాట. ఇన్నేళ్లలో వాడే అవకాశం ఒక్కసారీ రాలేదు. కుర్చీలోంచి సగం లేచాను. "ఏవండీ" అని పిలుస్తుందేమోనని చూశాను. పిలవలేదు.

"లిటిల్. స్టోన్ లైక్. స్మెల్ వెరీ బ్యాడ్. చారు లోపల, వెరీ గుడ్." కాస్త ఆగింది. "సేమ్ మై హస్బెండ్."

"కాయం! కాయం!" అని అరిచిందావిడ. వాళ్ల భాషలో ఇంగువట. ఇద్దరూ గిన్నెలు వదిలేసి నవ్వుతున్నారు. నేను కూర్చున్నాను. మాట నోట్లోనే ఉంది.

భోజనాల దగ్గర మా ఆవిడ మెల్లిగా అడిగింది. "అంతా వింటూనే ఉన్నారుగా, అందించలేదేం?"

"తెలిసినవాళ్లు అందించకూడదని షరతు కదా."

"తెలుసా మీకు? ఏదీ, చెప్పండి."

చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది.

"రవ్వంత ఇంగువకి అంత పేరెందుకండీ పాపం!" అంటూ చారు పోసింది. అందులో ఇంగువ లేదు. ఇంకో గరిటె పోయించుకుని, ఏమీ అనకుండా తిన్నాను.