వాక్యం అత్త మెడలో టేపు

ఆ వీధిలో కొత్త బట్టలు కుట్టించుకోవాలంటే చేతిలో గుడ్డ ఉంటే చాలదు, గుండె దిటవుగా ఉండాలి. ఎందుకంటే అక్కడున్నది ఒక్కటే కుట్టు దుకాణం, అది వాక్యం అత్తది. అద్దం ముందు నిలబెట్టి, చేతులు పైకెత్తించి, నడుము చుట్టూ టేపు వేసి పట్టుకున్నాక మనిషి ఎక్కడికని పారిపోతాడు? సరిగ్గా అప్పుడే అత్త బైబిలు వాక్యం తీసేది.

నిద్రకళ్లతో వచ్చినవాణ్ణి చీమల దగ్గరకెళ్లి బుద్ధి తెచ్చుకొమ్మనేది. నవ్వుతూ కబుర్లు చెప్పేవాళ్లకు పలికిన ప్రతి వ్యర్థమైన మాటకూ చివరి రోజున లెక్క చెప్పాలని గుర్తుచేసేది. గొలుసు వేసుకొచ్చిన ఆడపిల్లకు అలంకారం మీద ఒకటి, గొలుసు లేకుండా దిగాలుగా వచ్చిన పిల్లకు సంతోషించమని ఒకటి. ఏ రోగానికైనా ఆమె దగ్గర మందుంది, పైగా బలవంతంగా నోట్లో పోసే రకం. వాక్యం చెప్పేటప్పుడు మెడలో వేలాడే టేపు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో మాటకూ ఒక్కో గుంజు గుంజేది. వాక్యం ఎంత గట్టిదైతే గుంజు అంత గట్టిది.

పక్కనే అరుగు మీద చెప్పులు కుట్టే ముసలాయన ఉండేవాడు. వీధి మొత్తానికీ ఆయన బాబాయే. "అమ్మాయ్, ఎదుటివాళ్లకు తీర్పు తీర్చొద్దని కూడా మీ పుస్తకంలో ఉందటగా?" అని ఒకసారి పొరపాటున నోరు జారాడు. అత్త దుకాణంలోంచి బయటికొచ్చి, అవతలివాడి కంట్లో నలుసు వెతికేవాడు ముందు తన కంట్లో దూలం తీసుకోవాలన్న మాటను ఆయనకు పావుగంట సేపు వివరించింది. తీర్పు వద్దన్న మాటతోనే ఆయనకు తీర్పు చెప్పేసింది. ఆ రోజునుంచి బాబాయ్ మేకుల్ని పెదాల మధ్య పెట్టుకునే పని చేసుకున్నాడు, నోరు తెరిచే అవసరం రాకుండా.

అత్త మనసు చెడ్డదని మాత్రం ఎవరూ అనలేదు, అనలేరు. అన్నా వదినా ఒకే ఏడు పోతే, పాలు మరవని వాళ్ల పిల్లను ఒళ్లో వేసుకుని పెంచింది. తను పెళ్లి చేసుకోలేదు. ఆమె వాక్య పరీక్షలో నెగ్గే మగాడు దొరక్కే అని వీధిలో నవ్వుకునేవాళ్లు గానీ, అసలు కారణం ఆ పిల్లే. చిన్ని అని పిలిచేది. కుట్టు మిషను కింద పేలికల మధ్య పాకిన ఆ చిన్ని ఇప్పుడు బేకరీలో కౌంటరు చూస్తోంది. కరెంటు పని చేసే కుర్రాణ్ణి ఇష్టపడింది. వచ్చే శనివారం చర్చిలో పెళ్లి. తండ్రి లేడు కాబట్టి పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మం నుంచి పీఠం దాకా నడిపించాల్సింది అత్తే. ఆ నాలుగడుగుల కోసం అత్త ఏళ్లుగా కలలు కంటోంది. తన పాత బూట్లకు బాబాయ్ చేత కొత్త అడుగులు కూడా వేయించి పెట్టుకుంది.

అంతా బాగానే ఉండేది, ఈ మధ్య ఊరంతా లావెక్కకపోయి ఉంటే.

అవును, అత్త లెక్కలో ఊరు లావెక్కింది. బ్యాంకు గుమస్తా ప్యాంటు బొత్తాం పట్టలేదు. బడి టీచరమ్మ జాకెట్టు చంకల దగ్గర పట్టేసింది. చర్చి పాటల బృందంలో ముగ్గురికి అంగీలు బిగిసి, ఊపిరి అందక పై స్వరం సగంలోనే వదిలేశారు. కడుపునే దేవుడిగా కొలిచేవాళ్ల గతి ఏమవుతుందో అత్త వాళ్లందరికీ వరసపెట్టి చెప్పింది. పాపం, వాళ్లూ నమ్మారు. గుమస్తా రాత్రి భోజనం మానేశాడు. టీచరమ్మ మెట్లెక్కి దిగడం మొదలుపెట్టింది. కుట్టులో తప్పుందేమోనని ఒక్కరికీ అనుమానం రాలేదు, వచ్చినా అనే ధైర్యం లేదు. అత్త ఒక్కో కుట్టూ విప్పి, వదులు చేసి ఇచ్చేది. విప్పడానికి లోపల గుడ్డ ఎప్పుడూ ఉండేది. "మనుషులు ఒకేలా ఉండరే, ప్రతి కుట్టు లోపలా రెండు వేళ్ల గుడ్డ వదులు" అని పని నేర్పిన తల్లి చెప్పింది. అత్త ఆ మాట ఒక్కనాడూ తప్పలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చిన్ని పెళ్లి గౌను వేసుకు చూసింది. తెల్లటి గౌను, మెడ చుట్టూ అత్త కళ్లు పోయేలా కుట్టిన చిన్న చిన్న పూలు. భుజాలు బాగున్నాయి. నడుము దగ్గరకొచ్చేసరికి వెనకున్న కొక్కేలు కలవలేదు. చిన్ని ఊపిరి బిగపట్టింది. కలవలేదు. అత్త మోకాలు ఆన్చి లాగింది. ఊహూఁ.

అత్త ముఖం పాలిపోయింది. కౌంటరు దగ్గర కేకులు తిని లావైందనుకోవచ్చు కదా? అనుకోలేదు. ఆమె బుర్ర నేరుగా అక్కడికే పోయింది. మొన్న ఈ పిల్ల కాస్త పులుపు నోట్లో వేసుకోవడం చూసింది. ఆ కరెంటు కుర్రాడు దుకాణంలో బల్బు మార్చడానికొచ్చి గంటసేపు ఉన్నాడు. ఒక్క బల్బుకు గంటా! గోరంత దొరికితే చాలు, కొండంత కట్టేయడం ఎంతసేపు?

"ఏమే, ఎన్నో నెల?" అంది.

చిన్నికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయింది. అత్త నవ్వడం లేదు. టేపు రెండు కొసలూ చేతుల్లోకి వచ్చేశాయి.

"దేహం దేవుడి ఆలయమని చంటిపిల్లప్పటి నుంచి చెప్పానే నీకు! పాపానికి జీతం ఏంటో నీ చేత బట్టీ పట్టించానే!" ఒక్కో మాటకూ ఒక్కో గుంజు.

"అత్తా, నీకేమైనా పిచ్చా? అలాంటిదేం లేదు. గౌను బిగుతుగా ఉంది, అంతే. మళ్లీ కొలువు."

"కొలిచేదేముంది? కొలత తప్పడం మా ఇంటా వంటా లేదు."

"ఒక్కసారి కొలిచి చూడమంటున్నా, అంతేగా."

"అబద్ధమాడే నాలుక..." అని అత్త ఇంకో వాక్యం అందుకుంది.

చిన్ని ఇక వినలేదు. గౌను తీసి, జాగ్రత్తగా మడతపెట్టి బల్ల మీద ఉంచింది. పాత బట్టలు కట్టుకుంది. కళ్లనిండా నీళ్లున్నాయి. "నన్ను పెంచినదానివి నువ్వు. నా మాట కంటే గౌను మాట ఎక్కువైంది నీకు. ఈ గౌను నాకొద్దు. పెళ్లిలో నా చెయ్యి నువ్వు పట్టుకోనూ వద్దు. నేనొక్కదాన్నే నడుస్తా" అని, బేకరీ యజమానురాలి ఇంటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులూ అత్త ఎలా గడిపిందో చెప్పకపోవడమే మేలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మొండిదే, కానీ రెండు కంచాలు పెట్టడం అలవాటైన చెయ్యి రెండో కంచం కూడా తీసేది, మళ్లీ లోపల పెట్టేసేది. మిషను ముందు కూర్చుంటే సూది కళ్లకు ఆనేది కాదు. తనదే న్యాయమని తనకు తానే వాక్యాలు చెప్పుకుంది. వినడానికి ఎవరూ లేని చోట అవి అంత గట్టిగా ఏమీ అనిపించలేదు.

అప్పుడొచ్చాడు పాస్టరు. పెళ్లి జరిపించడానికి వేసుకోవాల్సిన కొత్త ప్యాంటు సంచిలో పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కయ్యా, కోప్పడకండి. బొత్తాం పట్టడం లేదు."

అత్త అలవాటుగా టేపు అందుకుని నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ పాస్టరు ఎలాంటి మనిషంటే, గట్టిగా గాలి వీచిన రోజు ఆయన భార్య గొడుగు ఆయనకివ్వదు, గొడుగుతోపాటు మనిషి కూడా పోతాడని. పైగా కడుపు జబ్బని డాక్టరు నెలరోజులుగా పథ్యం పెట్టాడు. ఆయన్ని పట్టుకుని కడుపే దేవుడంటే ఆ దేవుడే నవ్వుతాడు. ఇక చిన్నిని అడిగిన ప్రశ్న ఈయన్ని అడగడానికి వీల్లేదు.

"మా ఆవిడ కూడా ఆశ్చర్యపోయింది" అన్నాడు పాస్టరు బిక్కమొహంతో. "నేను తెలియకుండా ఏదైనా తింటున్నానేమోనని ఆత్మపరిశీలన కూడా చేసుకున్నాను. ఎందుకైనా మంచిది, నన్నోసారి మళ్లీ కొలవరూ?"

మళ్లీ కొలవమంటే అత్తకు చిన్ని గుర్తొచ్చింది. మొన్న ఆ పిల్ల అడిగినదీ ఇంతే కదా!

కొలిచింది. పోయిన వారం ఎంతో ఇప్పుడూ అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. ప్యాంటును బల్ల మీద పరిచింది. గుడ్డ కత్తిరించే ఆ బల్ల అంచుకు తల్లి నాటి ఇనుప స్కేలు మేకులతో కొట్టి ఉంది. మనుషుల్ని టేపుతో కొలిచినా, గుడ్డను ఎప్పుడూ ఆ స్కేలు వెంబడే కత్తిరించేది. స్కేలు ప్రకారం ప్యాంటు కొలతా సరిపోయింది. మనిషి కొలత సరే, ప్యాంటు కొలత సరే, బొత్తాం మాత్రం పట్టదు. మరి తప్పెక్కడ?

అత్త మెల్లగా మెడలోంచి టేపు తీసింది. ఇనుప స్కేలు పక్కన పరిచి చూసింది.

టేపు మీద ముప్ఫై అంకె, స్కేలు మీద ముప్ఫై ఒకటి కూడా దాటిపోయి ఉంది. గుడ్డ టేపు. సాగిపోయింది. సాగిన టేపుతో కొలిస్తే లావు మనిషి సన్నంగా తేలతాడు, ఆ లెక్కన కుట్టిన బట్ట మనిషికి చాలదు. ఊరు లావెక్కలేదు. ఎలా సాగిందా అని ఆలోచిస్తూ, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని అలవాటుగా ఒక గుంజు గుంజింది. గుంజి, తన చేతులవైపు చూసుకుంది.

"అయ్యయ్యో!" అని అక్కడే కుర్చీలో కూలబడింది. "అయ్యో నా తల్లీ! పిల్లనెంత మాటన్నానురా దేవుడా!"

పాస్టరు మంచినీళ్లు తెచ్చాడు. సంగతంతా విన్నాక, తను ఏ వాక్యం చెప్పినా ఆమెకు ముందే తెలుసు కాబట్టి ఏమీ చెప్పలేదు. "నా ప్యాంటు తర్వాత చూడొచ్చు లెండి, మీరు వెళ్లండి" అన్నాడు.

బేకరీలో అప్పుడే రొట్టెలు దిగాయి. కౌంటరు ముందు జనం వరసగా నిలబడ్డారు, వాళ్లలో గుమస్తా, టీచరమ్మ కూడా ఉన్నారు. చేతిలో టేపుతో అత్త లోపలికి రాగానే గుమస్తా అప్రయత్నంగా పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే అదే.

"వరసలో రా అత్తా" అంది చిన్ని, తలెత్తకుండా.

అత్త వరసలోనే నిలబడింది. తన వంతు వచ్చేదాకా నోరెత్తలేదు. వచ్చాక, ఒప్పుకోలు గురించి ఒక మంచి వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని వెనక్కి తోసేసింది.

"టేపు సాగింది చిన్నీ" అంది అందరూ వినేలా. "నా చేతులతో నేనే సాగదీశా. నువ్వు మళ్లీ కొలవమన్నావు, నేను కొలవలేదు. తప్పు నాది, తల్లీ. గుమస్తా గారూ, మీ ప్యాంటు సంగతీ అంతే. రాత్రిపూట అన్నం తినండి. టీచరమ్మా, మెట్లెక్కడం ఆపెయ్."

"ఆపేయనా?" అంది టీచరమ్మ. ఆనందంతో ఆమె ఇంకో రెండు కేకులు కట్టమంది. బేకరీ అంతా నవ్వులు.

చిన్ని నవ్వలేదు. రొట్టె కట్టే చెయ్యి ఆపి అడిగింది. "టేపు సాగి ఉండకపోతే?"

"ఏంటే?"

"నువ్వనుకున్నదే నిజమై ఉంటే? నాకు నెల తప్పే ఉంటే? అప్పుడేం చేసేదానివి అత్తా? వచ్చి నా చెయ్యి పట్టుకునేదానివా, లేదా?"

నవ్వులు ఆగిపోయాయి. అత్తకు తెలిసిన వాక్యాలు ఒకటా రెండా, ఏళ్ల తరబడి పోగేసినవి. ఒక్కటీ సాయానికి రాలేదు. ఆ పిల్ల ముఖం చూస్తూ నిలబడింది. మిషను కింద పేలికలు నోట్లో పెట్టుకుంటే వేలితో తీసిన ముఖం అది. కళ్లు తుడుచుకుంది.

"అప్పుడు గౌను ఇంకో రెండంగుళాలు వదులు చేసి కుట్టేదాన్ని" అంది. "లోపల గుడ్డ ఉంది కదే. ఎప్పుడూ వదులుతూనే ఉన్నాను."

చిన్ని కౌంటరు తలుపు తోసుకుని బయటికొచ్చి, పిండి అంటిన చేతులతోనే అత్తను కావలించుకుంది. ఇద్దరూ అక్కడే ఏడ్చారు. వెనకున్నవాళ్లలో ఎవరో "రొట్టెలు చల్లారిపోతున్నాయమ్మా" అనేదాకా వదల్లేదు.

ఆ వారంలో మిగిలిన రోజులన్నీ అత్త దుకాణంలో విప్పడమే పని. గౌను ముందు, పాస్టరు ప్యాంటు తర్వాత, ఆపైన వీధి మొత్తం. కొత్త టేపు కొని, రోజూ పొద్దున్నే స్కేలు పక్కన పెట్టి చూసుకునేది, మెడలో వేసుకోకుండా మేకుకు తగిలించేది. పాత టేపును బాబాయ్ సంచి కట్టుకుంటానని అడిగి తీసుకున్నాడు.

శనివారం చర్చి గుమ్మంలో అత్తా చిన్నీ చేతిలో చెయ్యి వేసుకుని నిలబడ్డారు. గౌను అమరినట్టు అమరింది. సంగీతం మొదలవుతుండగా, చేతుల్లేని గౌను వేసుకున్న ఒక అమ్మాయి ఆలస్యంగా పరుగెత్తుకొచ్చి, వాళ్లను దాటుకుని ముందు వరసలో కూర్చుంది. అత్త ఖాళీ చెయ్యి తనంతట తనే మెడ మీదకు వెళ్లింది. అక్కడ టేపు లేదు.

"వాక్యం వచ్చిందా అత్తా?" అని గుసగుసగా అడిగింది చిన్ని.

"వచ్చింది. మింగేశా. నడు, నీ మొగుడు ఎదురుచూస్తున్నాడు" అంది అత్త.