పేరేంది బిడ్డా

స్పిరిట్ వాసన తగిలితే ఇప్పటికీ ఫిల్మ్‌నగర్‌లోని మా బడిలో నర్సు గది గుర్తొస్తుంది. రెండో తరగతిలో మెట్ల మీద పడి నా నుదురు చిట్లింది. సిస్టర్ గాయానికి గుడ్డ అదిమిపట్టి, "నీ పేరేంది బిడ్డా?" అని మాటిమాటికీ అడిగింది. ఆమెకు మతిమరుపేమో అనుకున్నాను.

సినిమాల్లో ఫైట్లు చేసే నాన్న షూటింగ్ నుంచి పరుగున వచ్చాడు. "ఏం కాదండీ, నేను రోజూ పడుతూనే ఉంటాగా," అన్నాడు.

"గట్ల కాదన్నా, దెబ్బ తలకు తాకింది. జర చూస్కుంట ఉండుండ్రి. వాంతి అయినా, మాట తడబడినా దవాఖానకు ఉరకాలె," అంది సిస్టర్.

నాన్న ముఖం వాడిపోయింది. ఆ సాయంత్రమంతా నా పక్కనే కూర్చుని పేరు అడుగుతుంటే విసుక్కున్నాను. మేడల మీంచి దూకే మనిషి నా జవాబు కోసం ఊపిరి బిగబట్టుకున్నాడని చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.