చెరపని పలకలు

మొన్న మా బడికి కొత్త పలకలు వచ్చాయి. కట్ట విప్పి ఒక్కొక్కటీ తడిగుడ్డతో తుడుస్తుంటే రాయి తడిసిన వాసన గుప్పుమంది. పిల్లలకది కొత్త పలక వాసన. నాకు మాత్రం మార్కాపురంలో రహంతుల్లా సారు వసారా గుర్తొచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా రెండో తరగతికి తీసివేతలు మొదలుపెట్టిన ప్రతి ఏడూ ఆయన మాటలే నా నోట్లోకి వస్తాయి.

అప్పుడు నేను చిన్నపిల్లల టీచరు ట్రైనింగులో ఉన్నాను. మాది రాచర్ల దగ్గర పల్లె, గొర్రెలున్న ఇల్లు. లెక్కలంటే నాకు చచ్చేంత భయం. బడిలో పిల్లల ముందు లెక్కల పాఠం చెప్పి చూపించాల్సిన రోజున, బోర్డు మీద తీసివేత తప్పు వేశాను. పిల్లలు గొల్లున నవ్వారు. గబగబా అరచేత్తో చెరిపి ఇంకోటి వేశాను, అదీ చెరిపాను, చివరికి సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. ట్రైనింగు తరఫున పాఠం చూడటానికి వచ్చిన మేడమ్ నెల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తానన్నారు. అదీ పోతే నా టీచరు ఉద్యోగం ఆశ అక్కడితో సరి. నాయనకు ఫోన్ చేసి ఏడిస్తే, "పోతే పోయింది, ఇంటికి రా తల్లీ. గొర్రెలున్నాయి గదా" అన్నాడు. ఓదార్పుకే అన్నాడు పాపం. నిజానికి ఆ గొర్రెలను లెక్కపెట్టినా నాకు ఏ రోజూ ఒకే సంఖ్య వచ్చేది కాదు.

నేను అద్దెకున్న గది పక్కిల్లే సారుది. ఉద్యోగమంతా ఒకటీ రెండూ తరగతులకే చెప్పి రిటైరైన మనిషి. నా ఏడుపు విని, లెక్కలు నేర్పుతానని ఆయనే పిలిచారు. పలకల ఫ్యాక్టరీలో అంచు విరిగి అమ్ముడుపోనివి తెచ్చుకుని వసారా గోడ నిండా తగిలించారు. ప్రతి పలక మీదా తెల్లరంగుతో ఒక తప్పు లెక్క, కింద ఒక పేరు. తప్పు చేసిన పిల్లలను ఇట్లా గోడకెక్కిస్తారా అని నా మనసు చివుక్కుమంది.

మొదటిరోజు ప్రాక్టీసు పుస్తకం తెరిచి సగానికి మూడోవంతు కలపమన్నారు. పై అంకెలను పై అంకెలతో, కిందివాటిని కిందివాటితో కలిపి అయిదింట రెండు వంతులు అని పలక మీద రాశాను. ఆయన కనుబొమలు కదిలేసరికి నా అరచెయ్యి పలక మీదికి పోయింది.

"చెరపొద్దు! ఏంది పాపా అంత తొందర? ఎట్ల వచ్చిందో చెప్పు ముందు."

చెప్పాను.

"సరే. రొట్టెలో సగం తిన్నావు. మళ్ల మూడోవంతు తిన్నావు. అంతా కలిపితే నువ్వు చెప్పే అయిదింట రెండు వంతులు. అది సగం కన్నా ఎక్కువా, తక్కువా?"

కాసేపు ఆలోచించి, "తక్కువే సార్! ఇది తప్పు" అన్నాను.

"అయితే రెండోసారి తిన్నాక కడుపులో రొట్టె తరిగిపోయిందన్నమాట."

నాకు నవ్వాగలేదు. లెక్క చేస్తూ నేను నవ్వడం అదే మొదటిసారి. కానీ మర్నాడు ఆ లెక్క కూడా గోడకెక్కింది, కింద నా పేరుతో. అవమానమేసి ఆ వైపు చూడటం మానేశాను.

ఆ నెలంతా ప్రతి లెక్కనూ రెండుసార్లు చేయించారు. ఒకసారి సరిగ్గా, ఒకసారి పిల్లలు తప్పుచేసే తీరులో. రెండోదే కష్టం. "సరైన జవాబు అందరికీ ఒకటే పాపా. తప్పు జవాబు ఎవరిది వాళ్లకే. అది తెలిస్తేనే నువ్వు టీచరువి" అనేవారు.

రెండో అవకాశం రోజున యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయాలి. మేడమ్‌ను చూసి కంగారుపడి ముప్పై అయిదు అని రాసేశాను. ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి, "టీచర్, తప్పు" అంది. చెయ్యి బోర్డు దాకా పోయి ఆగింది.

"అవును, తప్పే. నాకు ముప్పై అయిదు ఎట్ల వచ్చిందో చెప్పు చూద్దాం."

ఆ పిల్ల బోర్డు దగ్గరికి వచ్చింది. "రెండులోంచి ఏడు పోదని, ఏడులోంచి రెండు తీసినావు టీచర్. పక్కనుంచి పది తెచ్చుకోవాల గదా."

ఆ తర్వాత పాఠం పిల్లలే నడిపించారు. మేడమ్ నవ్వుతూ సంతకం పెట్టారు.

పరుగున వచ్చి సారుకు చెప్పాను. ఆయన ఒక విరిగిన పలక తీసి ఆ తప్పు లెక్క రాసి, కుంచె పట్టుకుని ఆగారు.

"ఆ పిల్ల పేరేంది?"

"తప్పు చేసింది నేను గదా సార్?"

"చేసినోళ్ల పేర్లు రాస్తే నా గోడ చాలుతుందా? ఇవన్నీ తప్పు పట్టుకున్నోళ్ల పేర్లు. నీ తప్పు నువ్వే పట్టుకున్నావని ఆ పొద్దు నీ పేరు రాసినా."

తలెత్తి గోడంతా మళ్లీ చూశాను. ఎంత సంతోషమేసిందో, అంత సిగ్గూ వేసింది. నన్ను గట్టెక్కించిన పిల్లను నేను పేరైనా అడగలేదు.

"పో, కనుక్కోని రా" అన్నారు.

మర్నాడు ఆ బడికి వెళ్లి కనుక్కుని వచ్చాను. నాగమణి. ఆ పేరు రాసి పలకను సారు నాకే ఇచ్చారు. ఇప్పుడది నా తరగతి గోడకు ఉంది. నాగమణి ఎవరని పిల్లలు అడిగితే, మీ టీచరు తప్పు పట్టుకున్న అమ్మాయి అని గొప్పగా చెబుతాను.

నిన్న కొత్తగా చేరిన ఒక పిల్ల పలక మీద లెక్క వేసి, నేను దగ్గరికి రాగానే గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది. పక్కనే కింద కూర్చున్నాను.

"చెరపొద్దు తల్లీ. ముందు నీ పేరు చెప్పు. తర్వాత ఇది ఎట్ల వచ్చిందో చెప్పు."