చెవిలో కూత, రంజన్‌లో పలుకు

2023 ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కింద ఉన్న చిన్న క్లినిక్‌లో నేను ఆడియాలజిస్టుగా చేరి ఏడాది అయింది. ఆడియాలజిస్టు అంటే వినికిడి పరీక్షలు చేసేవాడు. మా బంధువుల్లో సగంమంది నేను స్పీకర్లు బాగుచేస్తాననుకుంటారు. కాదని చెప్పడం మానేశాను. చెప్పిన ప్రతిసారీ “అయితే ఈ చెవి చూడు” అంటూ పెళ్లిపందిట్లోనే తల వంచేస్తున్నారు.

ఒకరోజు ఉదయం కోడలు సుజాతను వెంటబెట్టుకుని నర్సమ్మ వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్ దగ్గర సాగర్ రోడ్డు పక్కన ముప్ఫై ఏళ్లుగా కుండలు, నీళ్లు చల్లబరిచే మట్టి రంజన్లు అమ్ముతోంది. నెల కిందట గాలిదుమారానికి, కుండల మీద నీడకు పట్టా కట్టిన వెదురుబొంగు ఊడి నెత్తిమీద పడింది. స్కాన్‌లో ఏమీ లేదు. చెవుల పరీక్షకు డాక్టరు నా దగ్గరికి పంపారు. రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని వచ్చింది.

“దూది ఎందుకమ్మా?”

“ఏందీ?”

దూది తీయించి మళ్లీ అడిగాను.

“కుయ్యిమని ఒకటే కూత సారూ. బయటి సప్పుడు బంద్ జేస్తే లోపలిది గూడ ఊకుంటదని పెట్టిన.”

“ఊరుకుందా?”

“ఇంకింత ఎక్కువైంది.”

“తలుపులేసుకుని కూసుంటది సారూ,” అంది సుజాత. “టీవీ పెట్టనియ్యదు, ఫ్యాన్ తిరగనియ్యదు. గీ ఎండలల్ల!”

బయట శబ్దమేమీ లేకున్నా చెవిలో మోగుతూ ఉండటాన్ని టిన్నిటస్ అంటారు. తలకు చిన్న దెబ్బ తగిలినా కొందరికి వస్తుంది. నర్సమ్మ బాధ మాత్రం కూత ఒక్కటే కాదు. రంజన్ అమ్మేముందు వేలి కణుపుతో కొట్టి దాని పలుకు వినాలి. కంటికి ఆనని పగులు ఉంటే పలుకు మారుతుంది. నెలరోజులుగా ఆ పని కోడలికి వదిలేసింది. కోడలు అమ్మినవి కారుతున్నాయని వెనక్కి వస్తున్నాయి.

“నా చెవు పోయింది సారూ. చెవు లేనిదాన్ని కుండల కాడ ఏం జేస్త? ఊరికి పోత.”

బయటి శబ్దం రాని పరీక్షగదిలో కూర్చోబెట్టాను. వెంటనే లేచి నిలబడింది. “గీ గదిల కూత ఇంకింత లేస్తున్నది!” బతిమాలి పరీక్ష పూర్తిచేశాను. బాగా సన్నని, కీచుమనే శబ్దాల దగ్గర వినికిడి కొద్దిగా తగ్గింది. మిగతాదంతా నిక్షేపంగా ఉంది.

తర్వాత పిచ్ మ్యాచింగ్. చెవిలో కూత ఏ స్థాయిలో ఉందో యంత్రంలోని శబ్దాలతో పోల్చి పట్టుకోవడం. చాలామంది, కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగినట్టు, “ఆఁ, పర్లేదు” అనేస్తారు. నర్సమ్మ అలా కాదు. “గిది కాదు, జర సన్నం. గిది మరీ సన్నం. ఆఁ, గిదే.” నమ్మలేక వరస మార్చి మూడుసార్లు వినిపించాను. మూడుసార్లూ సరిగ్గా అక్కడే ఆపింది.

“ఎన్నిసార్లు జెప్పాలె బిడ్డా? నీకు ఇనబడ్తలేదా?”

నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి పేషెంటు ఆమే. ఏదో జోకు వేయబోయి ఆగిపోయాను. చెవి పోయిందంటున్న ఆ మనిషికి ఉన్నంత పదునైన చెవి నేను అంతవరకు చూడలేదు.

“మీ చెవి పోలేదమ్మా. కూతను ఆపే మందు నా దగ్గర లేదు. కానీ నిశ్శబ్దంలో కూర్చుంటే అదొక్కటే వినపడుతుంది. ఫ్యాను తిప్పండి, దూది పారేయండి, కుండల దగ్గరికి వెళ్లండి.”

“గా బస్సుల సప్పుట్లనా?”

“ముప్ఫై ఏళ్లు అక్కడే కదా పలుకు విన్నారు? హారన్లు ఎలా ఆపేవారు?”

“ఆపేదేముంది? గవి మోగుతనే ఉంటయ్. నేను కుండ పలుకునే ఇంట.”

శబ్దం ఉన్నా మనసు దాన్ని పట్టించుకోకపోవడాన్ని మా పుస్తకాల్లో హ్యాబిట్యుయేషన్ అంటారు. కాలేజీలో దానిమీద గంటసేపు సెమినార్ ఇచ్చాను. ఇద్దరు నిద్రపోయారు, వాళ్లలో ఒకరు మా ప్రొఫెసరు. ఈమె రెండు ముక్కల్లో చెప్పేసింది.

మూడు వారాలకు రమ్మంటే రాలేదు. ఊరికి వెళ్లిపోయిందేమోనని గుబులేసి, ఆదివారం తుర్కయంజాల్ వెళ్తూ దారిలో ఆగాను. కుండల మధ్య చిన్న పీట మీద కూర్చుని ఉంది.

“కూత తగ్గిందా అమ్మా?”

“ఉన్నది. పొద్దుగాల జర ఎక్కువ.” రెండు రంజన్లు ముందుకు లాగి, ఒక్కోదాన్నీ కణుపుతో కొట్టింది. “ఏది మంచిదో జెప్పు సారూ.”

రెండూ ఒకేలా మోగాయి. చదువుకున్నవాడిని కాబట్టి ధైర్యంగా ఎడమవైపుది చూపించాను. ఆమె కోడలితో అందులో నీళ్లు పోయించింది. కాసేపటికి దాని పొట్ట కింద, వెంట్రుకంత సన్నగా, తడి గీత తేలింది. పక్కన లారీలు, బస్సులు, ఆమె చెవిలో ఆగని కూత. వాటన్నిటి అవతల ఆ వెంట్రుకను విన్నది.

“మరి ఊరికెప్పుడు?” అన్నాను, ఆ తడిని వేలితో తుడుస్తూ.

“ఇప్పుడేడ పోత? దీనికి పలుకు ఇనుడు నేర్పొద్దా?” అంది, కోడలి చేతికి ఇంకో రంజన్ అందిస్తూ.

అప్పటినుంచి టిన్నిటస్‌తో వచ్చినవాళ్లను ముందు కూత గురించి అడగను. మీరు రోజూ ఏం వింటూ పనిచేస్తారని అడుగుతాను. వాళ్లు చెప్పడం అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చుంటాను. నాలాంటి వాగుడుకాయకు, నేను చేసే పరీక్షలన్నిటిలోకీ కష్టమైనది ఇదే.